బూడిద మీద ఒక విలాపం

మబ్బు మొహం చాటేసే సీమ ఇది. నైరుతి గాలి తన కడవలన్నీ పడమటి కనుమల మీదే కుమ్మరించుకుని, ఉత్త చేతులతో వచ్చి అనంతపురం గుమ్మంలో నిలబడుతుంది. ఏడాది పొడుగునా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. ఎర్రనేల, బోడిగుట్ట, తుమ్మకంప, ఎండకు నోరు తెరిచిన రేగడి. అయినా ఈ ఎండ ఒక పుణ్యం చేసింది. వానలు కడిగేసే గుర్తులను గుప్పిట్లో దాచిపెట్టింది. తాటాకు మీద గంటం ఆడని కాలంలో, శాసనం ఊసే లేని కాలంలో, ఈ నేల తన తొలి బిడ్డల కథను బూడిదతో రాసుకుంది. ఆ బూడిద తట్టలకెక్కి, బస్తాలకెక్కి, ట్రాక్టర్లకెక్కి వెళ్ళిపోతుంటే ఏడవక ఏం చేయను?

జుర్రేటి లోయా, నీకు గుర్తుందా ఆ రోజు? ఎక్కడి సుమత్రా, ఎక్కడి బనగానపల్లె! సుమారు 74,000 ఏళ్ళ కిందట ఆ దీవిలో తోబా అగ్నిపర్వతం గుండె పగిలింది. దాని నిట్టూర్పు కడలి దాటి వచ్చి నీ ఒడిలో, నేటి జ్వాలాపురం పొలాల కింద, పొరై పరుచుకుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండున్నర మీటర్లు. పగలే చీకటి పడిందో, చెట్లు తలలు వాల్చేశాయో, ఏరు బురదై ఎక్కిళ్ళు పెట్టిందో! ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పొర పైనా దొరికాయి. పనితనంలో పెద్ద తేడా లేదు. 2007లో పురావస్తు పండితులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్, వారి సహచరులు ఈ సంగతిని లోకానికి చాటారు. ఆ చేతులు ఏ మానవజాతివన్న వాదం పండితుల మధ్య ఇంకా తెగలేదు. తెగకపోనీ. ఆకాశమే బూడిదై కూలినా ఈ లోయలో రాయి చెక్కే చప్పుడు మళ్ళీ వినిపించిందన్న ఒక్క మాట చాలు, సీమ తల ఎత్తుకోవడానికి.

అంతటి బూడిదను మనమేం చేశాం? తవ్వి, జల్లించి, గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నాం. విడ్డూరమేమంటే, ఆ గుంతల గోడల్లోనే పండితులకు పొరలు కంటబడ్డాయి; దొంగ వేసిన కన్నంలోంచి ఇంట్లోకి వెలుగు పడ్డట్టు. వెలుగు పడిందని దొంగకు దండం పెట్టగలమా? వేల తరాలు చెక్కుచెదరని జ్ఞాపకం ఎంగిలి కంచం మీద ఒక్క పూట రుద్దుడుకు కాలువ పాలైంది. అగ్నిపర్వతం చెరపలేనిదాన్ని పీచుముక్క చెరిపేసింది.

యుగాలు దొర్లాక ఈ సీమలో మరో బూడిద పుట్టింది. కొండ కక్కింది కాదు, మనిషి చేతులారా మండించింది. బళ్ళారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు, పాలమూరు సీమల్లో వందకు పైగా బూడిద దిబ్బలు! రాక్షసుల చితులని ఊళ్ళవాళ్ళు చెప్పుకున్నారు. దొరల్లో కొందరు అగ్నిపర్వతపు చిట్టెమనుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేడ కాలిన ఆనవాలు పసిగట్టాడు. 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు పండితుడు రేమండ్ ఆల్చిన్ దిబ్బను తవ్వినప్పుడు గుట్టు విప్పుకుంది. అది పసుల దొడ్డి. చుట్టూ దుంగల కంచె, లోపల పేడ, దానికి నిప్పు. మళ్ళీ కంచె, మళ్ళీ మంద, మళ్ళీ నిప్పు. ఆ మంటల పొరల నడుమ, బూడిద మెత్తదనంలో, పశువుల గిట్టల ముద్రలు అచ్చుగుద్దినట్టు నిలిచి ఉన్నాయి.

ఓ గిట్ట ముద్రా! ఏ కోడె విసురువు నువ్వు? ఏ ఆవు దూడ కోసం వెనుదిరిగిన తడబాటువు నువ్వు? రాజుల బిరుదులు రాతి మీదే అరిగిపోయాయి. నువ్వు నాలుగు వేల ఏళ్ళకు పైగా బూడిదలో బతికావు. నిన్ను తొక్కిన పశువును ఏ గొంతు, ఏ పేరు పెట్టి పిలిచిందో! పేడకు నిప్పెందుకు పెట్టారంటే, తెగులు పోవడానికని ఒకరంటారు, పండుగకని మరొకరంటారు. కన్నడసీమలో నేటికీ సంక్రాంతినాడు పశువులను మంట దాటిస్తారు. ఆ మంటలో ఈ దిబ్బల నిప్పురవ్వ ఒక్కటైనా లేదని ఎవరు చెప్పగలరు?

ఆ మందల మనుషులు రాళ్ళగుట్టల మీద గుడిసెలు వేసుకున్నారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకున్నారు. వాన రాల్చిన చుక్కలోనే పంట చూసుకున్నారు. నల్లరాతిని నూరి గొడ్డళ్ళు చేశారు. పసికందు కన్నుమూస్తే కుండలో పడుకోబెట్టి ఇంటి నేల కిందే దాచుకున్నారు. కాటికి పంపలేక కడుపుకోతను కాళ్ళ కిందే కప్పెట్టుకున్న ఆ తల్లికీ నేటి తల్లికీ నడుమ ఉన్నవి ఏళ్ళే, ఇంకేమీ కాదు.

బళ్ళారి దగ్గర కుప్పగల్లు కొండ. 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలాల్లో ఆ గడ్డా మనతో కలిసి నడిచింది. 1953లో రాష్ట్రాల నడుమ గీత పడి కన్నడసీమ వైపు వెళ్ళింది. గీతలు మనుషులవి, కొండలకేం తెలుసు? కొండ మీద నల్లని డోలరైట్ బండల బారు. ఆ బండల మీద వేల బొమ్మలు: పొడుగు కొమ్ముల ఎద్దులు, మూపురాలు, మనుషులు. కొన్ని బండల్లో గుంటలు. ఆ గుంటల్లో రాయితో కొడితే ఖంగుమని మోగుతాయి. గుడి కట్టని కాలంలో ఆ కొండే గుడి, ఆ బండే గంట, ఆ మందే ఊరేగింపు! అక్కడికి క్వారీ వచ్చింది. గంట మోగిన కొండలో తూటా పేలింది. ఎద్దులు కంకరై లారీ ఎక్కాయి.

ఎవరిని తిట్టను? దిబ్బమట్టి బలమని చేనుకు తోలుకున్న రైతునా? నాలుగు గింజలు ఎక్కువ రాలాలన్న ఆశ పాపమా? సుత్తి పట్టిన కూలీనా? వాడింట్లో పొయ్యి రగలాలంటే కొండ పగలాలి. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రం మెరుస్తుందేమోనని తలలు వంచుకు తిరిగే జనాన్నా? ఆకలి చూపుకు రాతిగొడ్డలి దొరికినా అది రాయే. హరప్పా, మొహెంజొదారో బట్టీ పట్టించిన బడి ఈ సీమలోని పాలవాయి బూడిద దిబ్బ పేరు మన పిల్లల చెవిన వేయలేదు. పేరు తెలియని తాతను ఎవరు కాపాడుకుంటారు?

సీమ అంచున నల్లమలలో చెంచులున్నారు. విల్లు, తేనె, దుంప వాళ్ళ సిరి. అహోబిల నరసింహుడు వాళ్ళింటి అల్లుడు; చెంచులక్ష్మిని చేపట్టి చుట్టమయ్యాడు. దేవుడికే పిల్లనిచ్చినవాళ్ళను పులుల పేరు చెప్పి అడవి దాటి రమ్మంటున్నాం. చచ్చినవాళ్ళ దిబ్బను చదును చేయ మరిగిన చెయ్యి బతికినవాళ్ళ గూడెం ముందు వణుకుతుందా?

ఈ సీమకు లోకం పెట్టిన పేరు కరువు. 1876 నాటి ధాత కరువు నుంచి నేటి వలస బస్సుల దాకా, మన కథను ఎండిన చెరువు గట్టు మీదే మొదలుపెడతారు. మనమూ తల ఊపుతాం. దిబ్బలు వేరే సాక్ష్యం పలుకుతున్నాయి. ఈ రాళ్ళ మధ్యే మనుషులు వెయ్యేళ్ళకు పైగా మందలు కాశారు, అండుకొర్రలు తిన్నారు, బండలు మోగించారు. మెట్టనేలతో కాపురం చేసే విద్య వాళ్ళకు తెలుసు. మిగిలిన దిబ్బల చుట్టూ కంచె వేయండి. కుప్పగల్లు మీద తూటాలు ఆపండి. పాలవాయిని పాఠంలో పెట్టండి. సాక్ష్యాన్ని బస్తాకింతని తెగనమ్ముకున్నాక, ఇది ఎందుకూ కొరగాని బంజరని రేపు ఎవరైనా కాగితం రాసి ఈ నేలను అడిగితే, కాదనడానికి మన చేతిలో పిడికెడు బూడిదైనా ఉండదు.