ఆత్రేయపురం వరస

పూతరేకు రుచి గురించి చాలామంది రాశారు. నాకు ముచ్చటేసేది ఆ పని నడిచే వరస.

కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురంలో రేకు తీసేవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు. పొయ్యి వెలిగించాక రేకు పని మధ్యలో ఆపడం కుదరదు. బోర్లించిన కుండకి పక్కనున్న మూతిలోంచి ఎండు కొబ్బరాకు ఎగదోస్తూ, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని రెండు చేతులా కుండ మీద పరిచి లాగెయ్యాలి. కుండ కాగకపోతే రేకు లేవదు, మరీ కాగితే మాడుతుంది. రుబ్బిన పిండి పులిసేలోపు అయిపోవాలి కనక, ఎంత బియ్యం నానెయ్యాలో ముందే లెక్కుండాలి.

రేకు మాత్రం ఓపిక గలది. తడి తగలనివ్వకపోతే నిలవుంటుంది. నెయ్యి పడ్డాక రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. అందుకే రేకులు దొంతులు పెట్టుకుని, ఆర్డరొచ్చాక తడిగుడ్డతో మెత్తబరిచి చుడతారు. పంచదారా, బెల్లమా, జీడిపప్పు వెయ్యాలా అన్నది అప్పుడు తేలినా ఇబ్బంది లేదు. పెద్ద కార్ఖానాల్లో కంప్యూటర్లు ముందేసుకుని చేసే ఆలోచన ఇదే. ఇక్కడ ఆడవాళ్లు పీటల మీద కూచుని చేసేస్తున్నారు.

2023లో ఇక్కడి పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అది తినుబండారానికి దక్కిన గౌరవం. సంక్రాంతి ఆర్డర్లూ పెళ్లి ఆర్డర్లూ ఒక్కసారే మీద పడ్డప్పుడు, ఎవరిది ముందు చుట్టాలో, ఎవరిది బండి వేళకి చుడితే చాలో తేల్చే మనిషికి మాత్రం ఇంకా ఏ బిరుదూ లేదు.