హుకుంకీ హక్కుకీ మధ్య అరబిక్

గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళు అరబిక్ ఎక్కడ నేర్చుకుంటున్నారు? ఒకప్పుడు ‘ముప్పై రోజుల్లో’ తరహా చిన్న పుస్తకాలూ, తిరిగొచ్చిన చుట్టాల నోటి మాటలే వాళ్ళకు ఆధారం. ఇప్పుడు ఆ పని చాలావరకు యూట్యూబ్ పాఠాలు చేస్తున్నాయి. అరబిక్ మాటను తెలుగు లిపిలో తెరమీద చూపించి, తెలుగులో అర్థం చెప్పే వీడియోలివి. వీటిని విమర్శకులు చదవదగ్గ రచనలుగా మనమెవరమూ పెద్దగా పట్టించుకోలేదు. నేను కొంతకాలంగా వాటిని అలాగే చదువుతున్నాను. రెండో భాషను నేర్పే ఏ పాఠమైనా మాటలతో పాటు ఆ భాషలో మన స్థానమేమిటో కూడా నేర్పుతుంది.

రా, వెళ్ళు, తీసుకురా, తుడువు, ఇస్త్రీ చెయ్యి. నేను చూసిన వాటిలో మొదటి పాఠాలు దాదాపు అన్నీ ఇలాగే మొదలవుతాయి. కొత్త ఇంట్లో, కొత్త వంటగదిలో, చెప్పిన పని అర్థంకాక తిట్లు తినే మనిషికి ఈ మాటలు ఎంత అవసరమో నాకు తెలుసు. వాటిని తీసెయ్యమని అనను. కానీ పది పాఠాలు దాటినా ఆమె వినే మనిషిగానే ఉండిపోతుంది. ఆమె నోటికి ఇచ్చే మాటలు ‘సరే’, ‘అయిపోయింది’. యజమానురాలు ‘మామా’, యజమాని ‘బాబా’. తెలుగు చెవికి మామ మగవాడు గనక అమ్మ అని విడమరిచి చెప్తారు. జీతమిచ్చే మనిషి అమ్మయిపోయాక నెల జీతం అడగడం ఎంత కష్టమో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక్కడ మరియా మీస్ గుర్తొస్తుంది. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో వచ్చిన ఆమె పుస్తకం మనలో చాలామందికి పరిచితమే. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లే ఆడవాళ్ళను గృహిణులన్నారు, వాళ్ళ శ్రమను తీరిక వేళల పని అన్నారు. అదే డెల్టా నుంచి వెళ్ళిన ఇంటిపనివాళ్ళను కువైట్ 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం తన పరిధిలోంచి తప్పించింది. ఇల్లు పనిచేసే చోటు కాదనే పాత మాటే అక్కడా పనిచేసింది. ‘మామా’, ‘బాబా’ అనిపించే పాఠం కూడా ఆ మాటనే మళ్ళీ చెప్తోంది.

వ్యాకరణంలోనూ ఆడమనిషి జారిపోతోంది. తెలుగులో ‘రా’ అంటే ఆడా మగా తేడా లేదు. అరబిక్‌లో మగవాణ్ణి ‘తాల్’ అని, ఆడమనిషిని ‘తాలి’ అని పిలుస్తారు. అలసిపోయానని చెప్పాలంటే మగవాడు ‘తాబాన్’ అంటాడు, స్త్రీ ‘తాబానా’ అనాలి. చాలా వీడియోల్లో చెప్పేది మగ గొంతు. డ్రైవరుకీ ఇంటిపనామెకీ ఒకటే పాఠం, అదీ మగ రూపంలో. పోనీ ఫోన్‌లోని అనువాద సాధనాలను ఆశ్రయిద్దామంటే అవి ఎక్కువగా ఇచ్చేది రాత అరబిక్. కువైట్ ఇళ్ళలో మాట్లాడేది వేరు. పుస్తకంలో ‘జీబి’ అని నేర్చుకున్న ‘తీసుకురా’ అక్కడి నోట ‘యీబి’ అవుతుంది. ఒకే సమాజంలో రాతకొక భాష, మాటకొక భాష ఉండటాన్ని వివరిస్తూ ఫెర్గూసన్ 1959లో తీసుకున్న ఉదాహరణల్లో అరబిక్ ఒకటి. గిడుగు వారి పోరాటం చదువుకున్న మనకి ఈ సంగతి కొత్త కాదు. గ్రాంథికం నేర్చుకుని సంతకు వెళ్ళినట్టుంటుంది ఆమె పరిస్థితి.

ఇదంతా ఉచ్చారణ సమస్యే అయితే ఇంత రాయక్కరలేదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పనిమనిషి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఈ ‘సమ్మతి’ దగ్గరే నేను ఆగిపోయాను. కాదనడానికి మాట లేని మనిషి మౌనాన్ని సమ్మతి కింద లెక్కేసుకోవడం ఎంత సులువు! ‘హాదా జవాజ్ హగ్గి’, ఇది నా పాస్‌పోర్టు. మూడే మాటలు. ‘మా అబీ’, నాకొద్దు. రెండే మాటలు. నేను చూసిన ఏ పాఠంలోనూ ఇవి లేవు.

అసలు ఆ ఫోనెవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 21 శాతం, మగవాళ్ళలో దాదాపు 49 శాతం. ఇక్కడ భర్తదో కొడుకుదో ఫోను. అక్కడ ఫోను ఎప్పుడు చేతికివ్వాలో ‘మామా’ నిర్ణయించే ఇళ్ళున్నాయి. డిజిటల్ చదువుకి వేళాపాళా లేదనేవాళ్ళు ఈ గడియారాన్ని చూడాలి.

అయినా ఆ ఫోనులోనే ఇంకో బడి నడుస్తోంది. రాజోలు వైపు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడ, తనకు అరబిక్ వచ్చింది వీడియోలవల్ల కాదంది. పక్క వీధి ఇంట్లో పనిచేసే తెలుగామె వాట్సాప్‌లో పంపే గొంతు సందేశాల వల్లట. ఇవాళ ఈ మాటన్నారక్కా, దానికేం చెప్పాలి అని ఈమె అడిగేది. రాత్రికి జవాబొచ్చేది, ఆడమనిషి చెప్పాల్సిన రూపంలో, ఆ ఊరి యాసలో. పాఠం ఆమె అడిగిన ప్రశ్నతో మొదలయ్యేది. వీడియోకి ఆ వీలు లేదు.

మనం హుకుం అన్నా, జవాబన్నా, వకీలన్నా, హక్కన్నా అవన్నీ అరబిక్ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాటలే. ఆమె నోటికి అలవాటైన హక్కే అక్కడ ‘హగ్గి’ అయి ‘నాది’ అనే అర్థమిస్తుంది. విమానం ఎక్కేముందు ఇచ్చే శిక్షణలో, తిరిగొచ్చిన ఆడవాళ్ళ గొంతుతో, స్త్రీ రూపంలో పది వాక్యాలు రికార్డు చేసి ఇవ్వడానికి కొత్త యాప్ అవసరం లేదు. మొదటి వాక్యం పాస్‌పోర్టు గురించి ఉండాలి. రెండోది జీతం గురించి.