రెండున్నర నిమిషాల సినిమా

రాత్రిపూట మ్యూజియంలో ఓ చిన్నపిల్ల తిరుగుతూ ఉంటుంది. చలేస్తోందని గొణిగిన దేవదూత విగ్రహానికి తన ఎర్ర మేజోళ్లలో ఒకటి ఇస్తానంటుంది. ఐదువేల ఏళ్లుగా నిద్రపోతున్న ఫారో దగ్గర అలారం గడియారం పెడుతుంది. పాట చివరికొచ్చేసరికి తనకు బాగా నచ్చిన చిత్రపటంలో చిక్కుకుపోతుంది. అంతే. ఎవరూ వచ్చి విడిపించరు. ఇదంతా కల అని చెప్పే అమ్మ కూడా రాదు. 1984లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో వచ్చిన ఈ ‘మెట్రోపాలిటన్ మ్యూజియం’ తమను ఎంత భయపెట్టిందో నడివయసు జపనీయులు ఈనాటికీ చెప్పుకుంటారు, అదీ ఇష్టంగానే.

ఆ పాట వచ్చిన కార్యక్రమం ‘మిన్నా నో ఉతా’, అంటే అందరి పాటలు. 1961 ఏప్రిల్ 3న మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఐదు నిమిషాల నిడివి, మామూలుగా రెండు పాటలు. యాంకర్ ఉండరు, కబుర్లు ఉండవు, పిల్లల్ని ముద్దుచేస్తూ పలకరించడాలూ ఉండవు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారి పేర్లతో పాటు బొమ్మలు చేసినవారి పేరూ తెరమీద పడుతుంది. వెంటనే పాట ఎత్తుకుంటారు. సాహిత్యం కింద అక్షరాల్లో వస్తుంది. కొత్త పాటలు రెండేసి నెలలు ప్రసారమవుతాయి. అన్నీ యానిమేషన్లే కావు గానీ, జనం గుర్తుపెట్టుకున్నవి ఎక్కువగా అవే.

వీటిలో పాట ముందు, బొమ్మ తర్వాత. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. పాట నిమిషానికి 120 దెబ్బల లయలో నడుస్తుంటే ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు వస్తాయి. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపితే దెబ్బకు నాలుగు బొమ్మలు. పాత్ర అడుగు నేలను తాకే బొమ్మ సరిగ్గా దెబ్బ మీద పడాలి. ఒక్క బొమ్మ అటూ ఇటూ అయినా తాళం తప్పినట్టు కంటికి తెలిసిపోతుంది. ఈ లెక్కన రెండున్నర నిమిషాలకు 3,600 ఫ్రేములు, 1,200 బొమ్మలు. ఒకరిద్దరు కూర్చుని గీయాలంటే అది తక్కువ పనేమీ కాదు. అందుకే పల్లవి తిరిగొచ్చినప్పుడు గీసిన నడకనే మళ్లీ వాడుకోవడం ఈ కళలో మామూలు. అయితే మొదటిసారి ఆటలా కనిపించిన నడక మూడో చరణం దాటాక ఒంటరితనంలా కనిపించాలి. పొదుపు కోసం పుట్టిన పద్ధతి అక్కడే అర్థాన్నీ మోస్తుంది.

1974 నాటి ‘కితాకాజె కొజో నో కన్‌తారో’నే చూడండి. ఉత్తరపు గాలి ఇందులో ఊరూరూ తిరిగే పిల్లాడు. అతని మాట తీరు పాత సినిమాల్లోని దేశదిమ్మరి జూదగాళ్ల యాసను గుర్తుచేస్తుంది. ‘ఓకామి షోనెన్ కెన్’ టీవీ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న త్సుకియోకా సదావో ఆ యాసకు వేషం కట్టాడు: తలమీద వెడల్పాటి గడ్డి టోపీ, భుజాల చుట్టూ చారల దుప్పటి. ఐదేళ్ల పిల్లకు అది వింత బట్టల్లో ఉన్న గాలి. పక్కన కూర్చున్న తాతకు మాత్రం తను కుర్రతనంలో చూసిన కత్తియుద్ధాల సినిమా. ఒకే బొమ్మ ఇద్దరికీ రెండు రకాలుగా పనికొచ్చింది.

నా లెక్కలో ఈ పొట్టి సినిమాల బలమంతా ఇదే: పాట చెప్పినదాన్నే బొమ్మ తిరిగి చెప్పదు. మన ఇళ్లలో అన్నం తినిపించడానికి ఫోన్లో పెట్టే తెలుగు రైమ్స్ వీడియోలు చాలావాటిలో పాటలో చెట్టంటే తెరమీద చెట్టు, కాకంటే కాకి. కాకికైనా ఏనుగుకైనా అవే గుండ్రటి కళ్లు, అదే గెంతు. పిల్లలు కన్నార్పకుండా చూస్తారు, నిజమే. కానీ వాళ్లు ఊహించుకోవడానికి అందులో ఏమీ మిగలదు.

‘మెట్రోపాలిటన్ మ్యూజియం’ బొమ్మలు చేసిన ఒకామోతో తదనారి 1964లో ఎకో-షా అనే సొంత స్టూడియో పెట్టుకున్నాడు. ఒక సినిమాకు వాడిన పద్ధతిని మరోదానికి వాడడం ఆయనకు గిట్టేది కాదు. చెక్క, తోలు, ఉన్ని దారం, మట్టి, కథకు ఏది నప్పితే అది. మ్యూజియం పాటకు తోలుబొమ్మల్లాంటి చదును బొమ్మలు కాకుండా నిలబెట్టే బొమ్మల్ని ఎంచుకుని, ఒక్కో ఫ్రేముకు ఇంచుక కదుపుతూ తీశాడు. వాటికి నిజమైన నీడ ఉంటుంది, బరువుంటుంది. చేత్తో పట్టుకోగలిగినంత నిండుగా ఉన్న పిల్ల చదునైన పటంలో ఇరుక్కుంది కాబట్టే అంత దిగులు. గీసిన బొమ్మ గీసిన పటంలోకి వెళ్లి ఉంటే ఆ భయం సగానికి సగం తగ్గేది.

దిగులు ఈ ఒక్క కార్యక్రమం సొత్తేం కాదు. 1975లో ఫ్యూజీ టీవీ పిల్లల కార్యక్రమం ‘హిరాకే! పొన్‌కిక్కి’లో వచ్చిన ‘ఓయోగె! తాయ్‌యాకి-కున్’లో చేప ఆకారపు తీపి రొట్టె ఒకటి, రోజూ పెనం మీద కాలడం విసుగెత్తి సముద్రంలోకి పారిపోతుంది. కొన్నాళ్లు హాయిగా ఈదుతుంది. చివరికి గాలానికి చిక్కి, పట్టినవాడి నోట్లోకే పోతుంది. ఆ రికార్డు 45 లక్షలకు పైగా అమ్ముడై జపాన్‌లో అత్యధికంగా అమ్ముడుపోయిన సింగిల్‌గా నిలిచింది. (పాడిన షిమోన్ మసాతోకు అమ్మకాల్లో వాటా మాట ఒప్పందంలోనే లేదు, ఆ రొట్టె కష్టం ఆయనకు బాగానే అర్థమై ఉంటుంది.) అది కొన్నవాళ్లలో రోజూ ఆఫీసులో కాలే పెద్దవాళ్లూ ఉన్నారు. పిల్లల కోసం తీసినదే, కాకపోతే పిల్లల్ని తక్కువ అంచనా వేయలేదు.

ఇంత విలువైనవాటిని ఎన్‌హెచ్‌కే తొలినాళ్లలో దాచుకోలేదు. వీడియో టేపు ఖరీదైన రోజులవి. ప్రసారం కాగానే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవారు. 2011లో యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా, ఇళ్లలో రికార్డు చేసుకున్నవి ఉంటే ఇవ్వమని ప్రేక్షకులను కోరారు. అటకల మీది వీడియోలు, ఆడియో క్యాసెట్లు కదిలి వచ్చాయి. కొన్నిటికి పాట దొరికింది గానీ బొమ్మ దొరకలేదు. బొమ్మ పోతే మళ్లీ గీయించొచ్చు కదా అనుకోవడానికి లేదు, ఎందుకంటే అప్పుడది వేరే సినిమా అయిపోతుంది. బొమ్మ మారితే ఏమవుతుందో ఇదే కార్యక్రమంలో కనిపించింది. 2018లో ఫూరిన్ అనే ఐదుగురు పిల్లల బృందం గెంతుతూ ఆడి పాడిన ‘పాప్రికా’ దేశమంతటా పిల్లల డాన్సు అయింది. మరుసటి ఏడాది ఆ పాట కట్టిన యొనెజు కెన్షి తానే దాన్ని పాడాడు, కాతో ర్యూ బొమ్మలు గీశాడు. పల్లెటూరి ఎండాకాలం, ఎర్ర కేప్ కప్పుకుని గాలిలా వచ్చిపోయే ఓ పిల్ల. మాటలు అవే, బాణీ అదే. ఈసారి మాత్రం అందులో ఎవరో లేని లోటు కనిపించింది.