చాసరు కథలును మన ద్విపదయు

ఆంగ్లమున కథాకావ్యమనగానే మొదట స్ఫురించు పేరు చాసరు. 1374లో లండను రేవున ఉన్ని సుంకముల లెక్కలు చూచు ఉద్యోగమున చేరిన ఈ కవి, 1387 ప్రాంతమున కాంటర్బరీ కథలకు పూనుకొని, అవి ముగియకమునుపే 1400లో గతించెను. పద్దు పుస్తకముల నడుమ వయసు గడపిన మా వంటివారికి ఆయనయందు కొంత చుట్టరికము తోచుట సహజము.

ఆనాటి ఇంగ్లండున దొరల భాష ఫ్రెంచి, పండితుల భాష లాటిను. చాసరు మిత్రుడగు గోవరు ఆ రెండింటను, ఇంగ్లీషునను కూడ కావ్యములు వ్రాసెను. చాసరు మాత్రము ఇంగ్లీషునే నమ్ముకొనెను. అంతకు పూర్వమే మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జానుతెనుగున, ద్విపదలో చెప్పెను. ప్రౌఢమైన గద్యపద్యములకంటె అందరికి తెలియు తెలుగే మేలని గ్రంథాదియందే వాదించెను.

ఛందస్సునందును పోలిక కలదు. చాసరు కథలలో పెక్కింటికి రెండేసి పాదముల జంట ఆధారము. దానికి కట్టు అంత్యప్రాస. ద్విపదకును పాదములు రెండే. దాని కట్టు రెండవ అక్షరమున నుండు ప్రాస. రెండును వినువానిని కథవెంట నడిపించునవియే.

భేదమంతయు కథకులయందున్నది. చాసరు యాత్రికులలో యోధుని కథ గంభీరము, పిండిమరవాని కథ మోటు. ఎవరి కథ వారి మనసును బయటపెట్టును. కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికయందు 32 బొమ్మలు కథలు చెప్పును. కాని బొమ్మ మారినను గొంతు మారదు. ఇది లోటేయని మా అభిప్రాయము. అయితే అనంతామాత్యుని భోజరాజీయమున, పులికిచ్చిన మాటకై దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి మరలివచ్చు ఆవును చూడుడు. అచట ఆవు పలుకు ఆవుదే, పులి పలుకు పులిదే. మనవారికి ఆ నేర్పు లేదనరాదు.

తెలంగాణమునుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరే మన కామాఠిపురమునకు నిలిచినది. పాల్కురికి ఓరుగల్లు సీమలోనిదని పెక్కుర మతము. కనుక జానుతెనుగు మన చాళ్ళకు పరాయిది కాదు. మరాఠీ, ఇంగ్లీషు బడులలో పెరిగిన మన పిల్లలు చాసరును కళాశాలలో చదువుదురు. సోమనాథుని పేరైనను ఎరుగరు. తెలుగు లిపి రాదని తల్లిదండ్రులు వగచుచుందురు. ద్విపదకు లిపి అడ్డము కాదు, చెవి యున్న చాలును.

శివునికి తల్లి లేదే యని కుమిలి తానే తల్లియైన బెజ్జమహాదేవి కథను సంఘము వేడుకలలో ఒకరు చదువగా తక్కినవారు విందురు గాక. చాసరును మానుమని మేమనము. ఆయనను మెచ్చు పిల్లలకు తమ ఇంటి కథకుడును తెలియవలెననియే మా కోరిక.