గుట్ట ఎక్కని సైకిళ్లు

పారిస్‌లో వెలిబ్ అద్దె సైకిళ్లు 2007 జులై 15న రోడ్డెక్కాయి. సుమారు 300 మీటర్లకో స్టాండు పెట్టారు. ఒకచోట తీసుకుని ఇంకోచోట అప్పగించొచ్చు. మోంమార్త్ర్ లాంటి గుట్టల మీదివాళ్లకు ఇది భలే కలిసొచ్చింది. సైకిలెక్కి హాయిగా కిందికి జారిపోయేవారు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం మెట్రో పట్టుకునేవారు. దాంతో పైన స్టాండ్లు బోసిపోయేవి. కింద సైకిల్ పెడదామంటే ఖాళీ ఉండేది కాదు. కింద పోగుపడ్డ సైకిళ్లను బండ్లకెత్తి పైకి మోయాల్సి వచ్చింది. చివరికి, మిట్ట మీది స్టాండులో సైకిల్ అప్పగించినవాళ్లకు 15 నిమిషాలు అదనంగా ఉచితమన్నారు. బార్సిలోనాలోనూ అదే వరస: సముద్రం వైపు మనిషి తొక్కేవాడు, కొండ వైపు లారీ మోసేది.

నేల వాలును ఎవరూ మార్చలేరు. మిగతా అడ్డంకులన్నీ మనుషులు పెట్టుకున్నవే.

మెల్‌బోర్న్ నడిబొడ్డున పెద్ద ఎత్తుపల్లాలు లేవు. అయినా 2010లో మొదలైన అద్దె సైకిళ్లు 2019లో మూతపడ్డాయి. అక్కడ హెల్మెట్ తప్పనిసరి. దారిన పోతూ ఉన్నట్టుండి సైకిల్ తీద్దామనుకున్న మనిషి చేతిలో హెల్మెట్ ఎందుకుంటుంది? స్పెయిన్‌లోని సెవిల్‌లో కథ వేరు. అద్దె సైకిళ్లు 2007లో వచ్చాయి, ఆ రోజుల్లోనే కార్ల నుంచి వేరుచేసిన ట్రాకులు ఊరంతా ఒకదానికొకటి కలిసేలా వేశారు. భయం తగ్గింది, జనం తొక్కారు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో తెరుచుకుంది. పైన సోలార్ పలకల కప్పు. ఎండలు మండిపోయే ఊళ్లో నీడ పరిచిన ఆ ఆలోచన నిజంగా మెచ్చుకోదగ్గది. కానీ అది పొద్దున్నే వ్యాయామానికి వెళ్లేవాళ్ల దారి. కూరగాయలకో ఆఫీసుకో వెళ్లేవాళ్లది కాదు.

మెట్రో కొత్తలో స్టేషన్ల దగ్గరా అద్దె సైకిళ్లు పెట్టారు. మెట్లు దిగిన మనిషికి ఇల్లు కిలోమీటరున్నర దూరం ఉందనుకుందాం. ఫుట్‌పాత్ నిండా బైకులు, మిర్చి బజ్జీల బండి. రోడ్డు అంచున గుంత, దాన్ని తప్పించి పక్కకు జరిగితే రాంగ్ సైడులో ఎదురొచ్చే ఆటో. వెనక బస్సు హారన్. చీకటి పడ్డాక ఆ దారిన ఆడపిల్ల సైకిల్ తొక్కాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఆమె షేర్ ఆటో ఎక్కితే తప్పు సైకిల్‌ది కాదు, ఆమెది అంతకన్నా కాదు.

ఔటర్ మీద వేసిన నీడలో రెండు కిలోమీటర్లయినా ఏ స్టేషన్ నుంచో కాలనీల్లోకి, బడి మీదుగా రైతుబజార్ దాకా వేయాలి. ఆ తర్వాతే అక్కడ స్టాండు పెట్టాలి.