కల్వం దగ్గర గురువులు

1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ బోధనకు శ్రీకారం చుట్టి, 1937లో దానిని బి.ఫార్మ్ డిగ్రీ స్థాయికి తెచ్చేనాటికి, ఈ వృత్తికి చదువును తప్పనిసరి చేసిన ఫార్మసీ చట్టం ఇంకా రాలేదు. అది వచ్చింది 1948లో. చట్టం కన్నా ముందే నిలదొక్కుకున్న అటువంటి విభాగాలలో అసలు సంపద ప్రయోగశాల ఉపాధ్యాయులే అనడం అతిశయోక్తి కాదు. ఎమల్షన్, అంటే నూనె, నీరు విడిపోకుండా జిగురుతో కలిపిన ద్రవం, చేయించేటప్పుడు, నాలుగు పాళ్ల నూనెలో ఒక పాలు తుమ్మజిగురు పొడి కలిపించి, రెండు పాళ్ల నీరు ఒక్కసారిగా పోయించి, కల్వంలో ఒకే దిక్కుగా ఆపకుండా నూరిస్తారు. మిశ్రమం తెల్లబడి, పొత్రం కింద చిటపటమంటే పాకం కుదిరినట్టు. పాఠ్యపుస్తకం కొలతలు చెప్పగలదు గాని, ఆ చప్పుడును గుర్తుపట్టే చెవిని విద్యార్థికి అలవరచేది పక్కన నిలబడిన ఉపాధ్యాయుడే. నూరడం ఒక్క క్షణం తొందరగా ఆపినా నూనె పైకి తేలి, పని మళ్లీ మొదటికొస్తుంది.