రెండో ముద్ద

మా లక్సెట్టిపేటలో బిడ్డకు అన్నం ముట్టించే రోజు హడావుడి ఇంతా అంతా కాదు. కొందరు గూడెం గుట్టకు పోయి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుని అక్కడే ముట్టిస్తారు. కొందరు రాయపట్నం వంతెన మీదుగా గోదారి దాటి ధర్మపురి పోతారు. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల అని లెక్క చూస్తారు. మేనమామ వెండిగిన్నె తెస్తాడు. పాయసం నాలుకకు తాకిస్తారు, ఫొటోలు దిగుతారు. పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి ముందర పెట్టి, బిడ్డ దేని మీద చెయ్యి వేస్తుందో చూసి మురుస్తారు. చుట్టాలు వెళ్లిపోయాక, తెల్లారి గిన్నె పట్టుకుని కూర్చునేది మాత్రం తల్లి ఒక్కతే. అప్పుడు బిడ్డ నోరు తెరవదు. మొదటి ముద్దకు ముహూర్తముంది, బంతిభోజనముంది. రెండో ముద్దను పట్టించుకునే వాళ్లుండరు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

"పెద్దమ్మా, ఒక్క చెంచా మింగుతలేడు. నాలికతోని బయటికే నూకుతుండు" అన్నది మొన్న మా వాడకట్టులో ఒక కోడలు. ఆమె పక్కనే ఉన్న అత్త అందుకుని, "మొండి పోరడు, వాళ్ల బాపు పోలిక" అన్నది. పోరడిలో మొండితనం ఏమీ లేదు. పాలు చప్పరించడం తప్ప ఇంకోటి తెలియని నాలుక, గట్టిది ఏది తగిలినా ముందుకు తోసేస్తుంది. గొంతుకు అడ్డం పడకుండా పుట్టుకతో వచ్చిన కాపలా అది. నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు మెల్లగా సద్దుమణుగుతుంది, కొందరిలో ఇంకొన్నాళ్లు ఉంటుంది. ముద్ద బయటికి వచ్చిందంటే వద్దన్నాడని కాదు, ఇంకా నేర్చుకుంటున్నాడని.

మన ఇళ్లలో పాత పద్ధతి వేరే ఉండేది. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పండబెట్టి, ఉగ్గుగిన్నెతో పోసేవారు. ఏడిస్తే ఇంకా పోసేవారు, ఏడ్చే నోరు తెరిచే ఉంటుంది కాబట్టి. దాంతో కడుపు నిండేదేమో గానీ గిన్నె కనిపిస్తే చాలు బిడ్డకు దడ పుట్టేది. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే. మెడ నిలిచి, ఆసరాతో కూర్చోగలిగిన బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టాకే చెంచా ఎత్తాలి.

నా బిడ్డ తన కూతురికి తినిపిస్తుంటే నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. చెంచా నిండా తీయదు, కొసకు కాస్త తీస్తుంది. కింది పెదవికి ఆనించి ఆగుతుంది. పిల్ల ముందు చెంచా వైపు చూస్తుంది, తర్వాత తల్లి మొఖం వైపు చూస్తుంది, ముక్కు చిట్లిస్తుంది. మనలాంటి వాళ్లకు చెయ్యి ఆగనిది ఇక్కడే, నోట్లోకి దూర్చేస్తాం. నా బిడ్డ చెయ్యి కదలదు. కాసేపటికి పిల్ల నోరు తెరుస్తుంది, పై పెదవి కిందికి దిగి చెంచా మీది గుజ్జును తనే ఊడ్చుకుంటుంది. సగం గదుమ మీదికి జారుతుంది. జారింది జారనీ, మిగిలిన సగం తనంతట తాను తిన్నదే. పెదవులు బిగించి తల అటు తిప్పిందంటే గిన్నె పక్కకు పోతుంది. బతిమిలాడటం, "ఒక్కటే, ఇదే లాస్ట్" అనడం ఉండవు. మళ్లీ రెండు గంటలకో, మరునాడో అదే పప్పన్నం ముందుకు వస్తుంది. ఎనిమిది పది సార్లు రుచి చూస్తే గానీ పిల్లలకు కొత్త తిండి పరిచయం కాదని పరిశోధకులు చెబుతారు. మనం రెండు రోజులకే "దీనికి పప్పు పడదు" అని తీర్పు చెప్పేస్తాం.

తిండి చిక్కదనం సంగతి అంతకంటే ముఖ్యం. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో మన వాళ్లు జావను నీళ్లలా చేస్తారు. ఏడు కిలోల బిడ్డ కడుపులో పట్టేదే సుమారు 200 మిల్లీలీటర్లు. దాన్ని నీళ్ల జావతో నింపితే ఆకలి తీరుతుంది, బలం రాదు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు దాదాపు 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలలకు 300 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పైగా పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెలకు తరిగిపోతుంది, తల్లిపాలలో ఇనుము తక్కువ. అందుకే ఉగ్గు చిక్కగా ఉండాలి. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరుపప్పు విడివిడిగా సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, కాస్త జీలకర్ర కలిపి రవ్వలా పట్టించి పెట్టుకోవచ్చు. ఆ రవ్వ నీళ్లలో మెత్తగా ఉడికాక గరిటె వీపుతో మెదిపి, నెయ్యి చుక్క వేసి, చెంచాను వంచి చూడాలి. జర్రున కారిపోతే పలుచన, నిలబడి మెల్లగా జారితే సరి. మెల్లమెల్లగా పాలకూర, ఉడికించిన గుడ్డు, మెత్తటి కాలేజం కలుపుతూ పోవాలి. గుడ్డు అరగదన్న మాట పెద్దలు వదిలేయాలి. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర అక్కర్లేదు, తేనె అసలే వద్దు.

ఈ మాటలన్నీ పుస్తకాల్లోవి, మన పల్లెటూళ్లలో నడుస్తాయా అనే వాళ్లకు నల్లగొండ సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, తోటి పరిశోధకులు ఆ జిల్లాలో 60 పల్లెల్ని మూడు గుంపులు చేసి, 600 మంది తల్లీబిడ్డలతో పని చేశారు. ఒక గుంపుకు అంగన్‌వాడీ మామూలు సేవలే. రెండో గుంపులో ఏం పెట్టాలో కూడా తల్లులకు ఇళ్లకు వెళ్లి చెప్పారు. మూడో గుంపులో ఎలా పెట్టాలో, బిడ్డ సైగలు ఎలా చదవాలో, ఎలా ఆడించాలో కలిపి చెప్పారు. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇది నడిచింది. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. చెప్పిన చోట పిల్లల తిండి మెరుగైంది. పొడవు పెరగడంలో మేలు రెండో గుంపులో కనిపించింది. సైగలు చదవడం, ఆడించడం నేర్పిన గుంపులో పిల్లల మానసిక వికాసం మామూలు సేవల గుంపును మించింది. అంటే ముద్ద ముందు మనం ఆగి, బిడ్డ మొఖం చూసి, మాట కలిపే ఆ కాసేపు కూడా తిండిలో భాగమే.

ఇప్పుడు ఆ కాసేపటిని ఫోన్ మింగేస్తున్నది. మా దిక్కు చాలా ఇళ్లలో బాపు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. వీడియో కాల్‌లో బిడ్డ తింటుంటే చూడాలని ఆయన ఆశ. అందులో తప్పేముంది? కాల్ అయిపోయాక కూడా అదే ఫోన్‌లో పాటలు పెట్టి, బిడ్డ నోరు తెరిచినప్పుడల్లా ముద్ద తోసే అలవాటుతోనే తంటా. కళ్లు తెరకు అప్పగించిన బిడ్డకు ఏం తింటున్నదో తెలియదు, ఎప్పుడు కడుపు నిండిందో అంతకన్నా తెలియదు. ఫోన్ లేని రోజు నోరు తెరవదు. బాపు ఫోన్‌లో మాట్లాడితే మంచిదే. ఆయన్ని చూడటం అయ్యాకే గిన్నె తేవాలి.

బిడ్డ ఇష్టానికి వదిలేస్తే ఎండిపోడా అని అడుగుతారు. అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టర్ దాదాపు వందేళ్ల కింద ఇదే పరీక్షించింది. పాలు మాన్పించిన 15 మంది పసిపిల్లల ముందు రకరకాల తిండి గిన్నెలు పెట్టి, పిల్లలు వేలు చూపిన దాన్నే నర్సులు చెంచాతో పెట్టాలని, ఏదీ ముందుకు తోయవద్దని నియమం పెట్టింది. ఒకరోజు గుడ్లే, ఇంకోరోజు అరటిపండ్లే తిన్నా పిల్లలంతా బాగా ఎదిగారు. అయితే కిటుకు తిండి జాబితాలోనే ఉందని ఆమే చెప్పింది. ఆ గిన్నెల్లో చక్కెర వేసినవి, డబ్బాలోవి లేవు. ఏం పెట్టాలో పెద్దల చేతిలో, ఎంత తినాలో బిడ్డ చేతిలో ఉండాలి. మనం తిరగేస్తున్నాం. ఎంత తినాలో మనం పంతం పడతాం, ఏం తినాలో కిరాణా షాపుకు వదిలేస్తాం. చాయలో ముంచిన బిస్కెట్, కరకరలాడే పొట్లం పొద్దున్నే చేతిలో పెట్టి, మధ్యాహ్నం బువ్వ తింటలేడని ఏడిస్తే ఏం లాభం?

చేతిలో సమయం లేని తల్లుల్ని ఈ మాటలతో నిలదీయడం నాకిష్టం లేదు. పత్తి ఏరబోయే తల్లికి, బీడీలు చుట్టే తల్లికి బిడ్డ సైగలు చదివే తీరిక ఎక్కడిది? తంబాకు అంటిన చేతుల్ని సబ్బుతో కడగకుండా ముద్ద పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మిగతాది ఇంట్లో వాళ్ల పని. నానమ్మ, తాత ఆ గిన్నె పట్టుకోవచ్చు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా బిడ్డ పేరు మీద నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిసిన ఆ పిండి హైదరాబాద్ నాచారంలో తయారవుతుంది. బిడ్డ పేరు మీద తెచ్చిన ప్యాకెట్ ఇంటిల్లిపాదికి లడ్డూలవడం మా వీధిలో నేను చూసిందే.

భయపడాల్సింది దేనికో కూడా తెలిసుండాలి. బిడ్డ ఓకరిస్తే, దగ్గితే మొఖం ఎర్రబడవచ్చు, తనే సర్దుకుంటుంది. చప్పుడు ఆగి, ఊపిరాడక నీలబడితే అది ఆపద. పల్లీలు, పుట్నాలు, మక్కగింజలు, రేగుపండ్ల గింజలు పసిపిల్లల దరిదాపుల్లో ఉండకూడదు. పల్లీని మెత్తగా పొడి చేసి కలిపితే బలం, గింజగా ఇస్తే ప్రమాదం.

ఎంత తిన్నదని పక్కింటి పిల్లతో పోల్చి చూసుకోవద్దు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించండి, కార్డు మీద గీత పైకి పోతుంటే నెమ్మదిగా ఉండండి. రెండు నెలలు తూకం కదలకపోయినా, మింగుతుంటే ప్రతిసారీ దగ్గు వచ్చినా, తొమ్మిదో నెల వచ్చినా ఒక్క ముద్ద లోపలికి పోకపోయినా ఆలస్యం చేయక పిల్లల డాక్టరుకు చూపించండి.